మా సైన్సు సారు తాగి పడిపోలేదు

మా సైన్సు సారు చనిపోయిన వార్త నాకు రెండు రకాలుగా చేరింది. మొదటిది మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో. "మన సైన్స్ సార్ మార్కాపురం బస్టాండులో ఫుల్లుగా తాగి పడిపోయి చనిపోయినాడంట. ఓం శాంతి." దాని కింద వరసగా దండం పెట్టే బొమ్మలు. రెండోది, మేమంతా అమ్మా అని పిలిచే సారు భార్య చేసిన ఫోను. "పాపా, సారు పోయినాడు. ఫిట్స్ వచ్చి పడిపోయినాడంట. నువ్వు రా" అని మాత్రం అన్నారు.

మొదటి వార్త అబద్ధం. సారు జన్మలో మందు చుక్క ముట్టలేదు. పోయినవారి గురించి నెమ్మదిగా, మంచిగా రాయాలంటారు. మంచిగానే రాస్తాను. నెమ్మదిగా రాయడం మాత్రం ఈసారి నా వల్ల కాదు.

గిద్దలూరు దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆయన నాకు పాఠాలు చెప్పారు. తర్వాత అదే బడికి నేను లెక్కల టీచరుగా వచ్చాను. ఆయన గొంతు పెంచేవారు కాదు, అయినా చివరి బెంచీకి ప్రతి అక్షరం వినబడేది. చొక్కా జేబులో ఎప్పుడూ వేయించిన శెనగక్కాయలు, బెల్లంముక్క ఉండేవి. పొద్దున తినకుండా వచ్చిన పిల్లల్ని మొహం చూసి కనిపెట్టి, ఏదో పని చెబుతున్నట్టు బయటికి పిలిచి చేతిలో పోసేవారు.

ఒకరోజు గుడ్డసంచిలో ఏదో వేసుకొచ్చి, చూడకుండా చెయ్యి పెట్టి చెప్పమన్నారు. నేను పెట్టీ పెట్టగానే "కప్ప సార్!" అని అరిచాను.

"నీ చేతికి ఏం తగిలింది?"

"మెత్తగా, తడిగా, చల్లగా..."

"అది చెప్పు. కప్ప అనేది నీకు తోచింది. చేతికి తగిలింది ముందు, తోచింది తర్వాత."

సంచిలో ఉన్నది ఉడికించిన వంకాయ. క్లాసంతా పడీపడీ నవ్వాం. ఆయనా నవ్వారు.

ఒక వానాకాలం ఆయనకు జ్వరం వచ్చింది. జ్వరమే కదా అని బడికి వచ్చారు. బోర్డు మీద సగం వాక్యం రాసి, చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఇంటికి తీసుకుపోతే అమ్మను చూసి "ఎవరమ్మా నువ్వు?" అన్నారట. తెల్లారేలోగా ఫిట్స్. గాలి సోకింది, తాయెత్తు కట్టిద్దామని చుట్టాలు మొదలుపెట్టారు. "తాయెత్తు మీరు కట్టుకోండి. నాకు కారు తెచ్చియ్యండి" అని అమ్మ వాళ్ల మీద విరుచుకుపడి, ఆయన్ని గుంటూరు చేర్చారు. మెదడు వాచిందని అక్కడి డాక్టరు చెప్పారు. ప్రాణం దక్కవచ్చుగానీ మనిషి ఎంతవరకు మునుపటిలా అవుతాడో చెప్పలేనన్నారు.

ప్రాణం దక్కింది. చూడవచ్చిన ప్రతివాళ్లూ "అదృష్టవంతుడు, గండం గడిచింది" అన్నారు. గండం ఆయన ఒంట్లోనే ఉండిపోయిందని ఎవరికీ కనబడలేదు. కాళ్లు ఎడంగా వేసి తూలుతూ నడిచేవారు. మాట ముద్దగా వచ్చేది. బడిగంట మోగితే రెండు చేతులతో తల పట్టుకునేవారు. మధ్యాహ్నానికి ఒళ్లు పూర్తిగా వాలిపోయేది. ఎన్నడూ పిల్లల మీద చెయ్యెత్తని మనిషి ఒకసారి డస్టరు విసిరి, అది ఎవరికీ తగలకపోయినా, స్టాఫ్‌రూములో కూర్చుని ఏడ్చారు.

"మాట తలకాయలోంచి బయలుదేరతాది పాపా" అన్నారు నాతో. "నోటికాడికి వచ్చేసరికి బస్సు పోయుంటాది."

ఆ ముద్దమాట, ఆ తూలుడు చూసి ఊరు తీర్పు చెప్పేసింది. తల్లిదండ్రుల మీటింగులో ఒకాయన లేచి, "సారు తాగొస్తాండాడు. మా పిల్లోడు చూసినాడు, ఊగుతాండాడంట" అన్నాడు. నేను లేచాను.

"ఆయనకు మెదడువాపు వచ్చింది. తూలేది దానివల్ల."

"వాపు తగ్గింది గదా మేడం? మళ్ల ఊగేదేంది?"

"కాలిన చోట మంట తగ్గినాక మచ్చ ఉండదా? ఇది లోపలి మచ్చ."

"నువ్వు ఆయన శిష్యురాలివి. అట్లనే చెప్తావు."

అప్పుడు సారు బల్ల ఆసరాతో లేచారు. ఆ మనిషి వైపు రెండడుగులు వేసి, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ అన్నారు: "ఇట్ల రా నాయనా. నా నోరు వాసన చూడు."

నోరు తెరిచి నిలబడ్డారు. ఇరవై ఏళ్లపైన ఆ ఊరి పిల్లలకు చదువు చెప్పిన మనిషి, అందరి ముందూ, అలా నోరు తెరిచి నిలబడ్డారు. ఒక్కరూ దగ్గరికి రాలేదు. తాగాడనడానికి వచ్చిన నోరు, తాగలేదని తెలుసుకోవడానికి ముందుకు రాలేదు. ఎవరో వెనక నుంచి కిసుక్కున నవ్వారు.

తర్వాత ఆయన్ని క్లాసులకు పంపడం మానేశారు. కొన్నాళ్లకు ఆయనే స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. స్వచ్ఛందమట! ఆ మాట రాసినవాళ్లకు చెయ్యెలా వచ్చిందో.

ఇంట్లో రోజూ పొద్దున పేపరు పైకి చదివేవారు, ఒకటో తరగతి పిల్లవాడిలా మాటమాటా విరిచి. తప్పుపోతే మళ్లీ మొదటికి వచ్చేవారు. తన జబ్బు సంగతి కార్డు మీద రాసి జేబులో పెట్టుకొమ్మని అమ్మ బతిమాలారు. ఆయనకు కోపం వచ్చింది. "నేను తాగలేదు అని మెడలో బోర్డు కట్టుకొని తిరగాల్నా?" అన్నారు. అమ్మ ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఫిట్స్ మాత్రలు గిద్దలూరులో దొరకలేదని ఆరోజు మార్కాపురం బయలుదేరారు. తోడు వస్తానని అమ్మ అంటే వద్దన్నారు. బస్సు దిగి, బస్టాండులోనే పడిపోయారు.

ఆయన్ని ఆసుపత్రికి చేర్చిన ఆటో భాయిని నేను వెతుక్కుంటూ వెళ్లి కలిశాను. ఆయన తలవంచుకుని చెప్పాడు: "నేను పోయేసరికే పడున్యాడమ్మా. చుట్టూ జనం. ఏందిరా అంటే, పొద్దున్నే ఏసినాడు భాయ్, ఎండ తగిలితే దిగుతాదిలే అన్నారు. కిందకి వంగి చూస్తే మందు వాసనే లేదు. నోట్లో నురగ. పక్కకు తిప్పి, ఎత్తుకొని ఆటోలో ఏసినా. అప్పటికే ఊపిరి ఎగబీలుస్తాండాడు."

ముందే పక్కకు తిప్పి ఉంటే ఊపిరాడేదేమోనని ఆసుపత్రిలో అన్నారట. పడిపోయిన మనిషిని పక్కకు తిప్పడానికి ఏం కావాలి? చదువా? డబ్బా? వంగితే చాలు.

పదోరోజు ఆ మీటింగాయన కూడా వచ్చాడు. "మంచి సారు" అన్నాడు అమ్మతో. అమ్మ ఆయన మొహంలోకి చూసి, "ఆ మాట ఆయనకు చెప్పినావా?" అన్నారు. ఆయన లేచిపోయాడు. భోజనానికి ఎవరూ ఆపలేదు.

బస్టాండులో ఎవరో తీసిన వీడియో మా గ్రూపులోకీ వచ్చింది. తీసెయ్యమని గట్టిగా తగువుపడ్డాను. తీసేసేముందు ఒకసారి చూశాను. ఫిట్స్ ఆగినట్టుంది. సారు వెల్లకిలా పడి ఉన్నారు, కళ్లు తెరిచే ఉన్నాయి. ఫోను పట్టుకున్న వాడి వైపే చూస్తూ పెదవులు కదుపుతున్నారు. "ఏందో పాఠం చెప్తాండాడు రా" అంటూ ఎవరో నవ్వారు. ఆయన చెయ్యి కొంచెం లేచి, ఎవరి కాలి అంచునో తాకింది. ఆ కాలు వెనక్కి జరిగింది. పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి.