అబ్బేగారి టోకెన్

వెంకటసుబ్బారావు గారు గవర్నర్‌పేటలో ఓ కాగితాల హోల్‌సేల్ కొట్టులో ముప్ఫయ్యేళ్ళు గుమాస్తాగా చేశారు. ఆ వీధికంతటికీ ఫ్యామిలీ డాక్టరైన అచ్యుతరామారావు గారు ఆయన్ని "అబ్బేగారూ" అని పిలిచేవారు. ఎంత బాధతో వచ్చినా "అబ్బే, ఏం లేదండీ, ఊరికే ఇటొచ్చా" అనేవారాయన. మొహమాటం! డాక్టరుగారు వెంటనే నన్ను కేకేసేవారు. "రాగిణీ, ముందు ఈయన్ని పంపు. అబ్బే అన్నారంటే జ్వరం నూటరెండు దాటిందన్నమాటే." ఓసారి అలాగే ఆయనకి న్యుమోనియా ఉందని కనిపెట్టారు. ఆ క్లినిక్ కౌంటర్లో పదకొండేళ్ళుగా ఉన్నాను. నాకు తెలియకనా!

కిందటేడు డాక్టరుగారు పోయారు. వాళ్ళవాళ్ళు క్లినిక్‌ని ఓ కంపెనీకి అమ్మేశారు. ఏసీ వచ్చింది, నాకు యూనిఫాం చీర వచ్చింది. డాక్టర్లు మాత్రం నెలకొకరు మారతారు, ఎవరికీ ఎవరి మొహమూ తెలీదు. "ఎమర్జెన్సీయా?" అని అడిగి, కంప్యూటర్లో అవుననో కాదనో నొక్కడమే నా పని. కాదంటే వారం ఆగాల్సిందే. ఒకసారి పేషెంటు కాదన్నా సొంత తెలివితో 'అవును' నొక్కి మేనేజరు పవన్‌కుమార్ చేత అందరి ముందూ చీవాట్లు తిన్నాను.

ఆ బుధవారం పొద్దున పదింటికి అబ్బేగారు వచ్చారు. చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఎడం భుజం నొక్కుకుంటున్నారు.

"ఎమర్జెన్సీయాండీ?" అన్నాను.

"అబ్బే, అంతేం లేదమ్మా. కాస్త గ్యాసు. నీకెందుకు ఇబ్బంది."

ఆ మాట విన్నాను. వినలేదని ఎవరి దగ్గర బుకాయించను? నా వేలు ఆగింది కూడా. వెనక జనం గొణుగుతున్నారు, అద్దాల గదిలోంచి పవన్‌కుమార్ చూస్తున్నాడు. 'కాదు' నొక్కాను. వచ్చే మంగళవారానికి నలభై ఒకటో టోకెన్ వచ్చింది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని "థాంక్సమ్మా" అన్నారు. ఛీ, నా బతుకు!

శుక్రవారం ఆయన్ని అంబులెన్సులో పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళారట. "రెండ్రోజుల్నించీ నొప్పి ఉంటే ఒక్క డాక్టరుకైనా చూపించరా? మనుషులేనా మీరు?" అని అక్కడి డాక్టరు ఆయన భార్య ఛాయాదేవి గారి మీద అరిచాడట. ఆవిడ ఏడుస్తూనే తప్పు మాదేనండీ అన్నదట. సాయంత్రానికి ఆయన పోయారు.

మంగళవారం వాళ్ళమ్మాయి సింధూరి కౌంటరు దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. నలిగిన టోకెన్ బల్ల మీద పెట్టింది.

"నాన్న చొక్కా జేబులో ఉందండీ. ఇంకెవరికన్నా పనికొస్తుందేమో, ఇచ్చి రమ్మంది అమ్మ."

"ఒకరిది ఒకరికి ఇవ్వడం కుదరదమ్మా," అన్నాను. ఆ మాట కూడా నా నోటితోనే అన్నాను.

ఆ పిల్ల వెళ్ళిపోయింది. నలభై ఒకటో నంబరు రాగానే కంప్యూటర్ ఆయన పేరు చూపించి, వచ్చారా, రాలేదా అని అడిగింది. ఏదో ఒకటి నొక్కితేగానీ తర్వాతి పేరు రాదు.

అబ్బేగారు బుధవారమే వచ్చారు. నేను 'రాలేదు' అని నొక్కాను.