ఆరో బీమ్ శబ్దం

"తేంగాయను గోటితో కొట్టి చూడాల అమ్మిణీ. చెవికాడ పెట్టి ఆడించేది కాదు. ఆడిస్తే నీళ్లుండాయా లేదా అని తెలుస్తుంది, అంతే. లోపల మంచిదా చెడ్డదా అని చెప్పేది కొడితే వచ్చే సత్తమే. మా నాయన చిన్నమనూరు తోటలో నాకు ఏడేళ్లప్పుడు నేర్పించినాడు. పెద్ద కుప్ప ముందర కూర్చోపెట్టి, చెడినవి ఏరు అన్నాడు. పదకొండు ఏరినాను. పదకొండూ పగలగొట్టి చూసినాడు. ఒక్కటి కూడా తప్పు లేదు."

గోపాలకృష్ణన్ మామ ఒడిలో పీచు తీసిన కొబ్బరికాయ ఒకటి ఉంది. చెబుతూనే దాన్ని గోటితో రెండుసార్లు కొట్టాడు. శబ్దం మందంగా వచ్చింది. ఆయన మళ్లీ కొట్టాడు, తల కొంచెం వంచి. తర్వాత కాయను పక్కన పెట్టేశాడు.

తమిళ నేల మీద తరాలుగా స్థిరపడ్డ మన తెలుగువాళ్ల పెద్దల మాటలు రాసుకోవడానికి శనివారం శనివారం నేను సింగానల్లూరులోని ఆ ఇంటికి వెళ్తున్నాను. ఆరు వారాలైంది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, ముందు వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, నాకు తన కుడి పక్కన ఇంకోటి వేసి, ఫ్యాన్ ఆపేసి మాట్లాడతాడు. ఫ్యాన్ ఆపడం నా ఫోన్ రికార్డింగ్ కోసమే అనుకుని, ఎంత ఆలోచన గల మనిషి అని సంతోషపడ్డాను.

ఆయన భార్య పొన్నమ్మాళ్ అత్త కాఫీ తెచ్చింది. నాకే. ఆమె ఆ రోజు ఉపవాసం.

"ఇంగా తేంగాయ కతేనా? ఈయన ఏరి తెచ్చిన కాయ పెరుమాళ్ ముందర పగలగొడితే లోపల నల్లగా ఉండాది. పూజారి మొగం చూడాల్సింది నువ్వు. ఒకసారి అంటే సరి. నెలలో మూడుసార్లు."

"కాయలే అట్ల వస్తా ఉండాయి," అన్నాడు మామ.

"కాయలు కాదు. ఇంటికి ఏదో రాబోతా ఉండాది. అందుకే మూడు శనివారాలుగా పస్తుంటా ఉండాను. ఈయనకేమో నవ్వులాట." నా వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పమ్మా, బుధవారం పెండ్లికి రానంటా ఉండాడు. మన మండపంలోనే. పట్టుచీర ఇస్త్రీకి ఇచ్చి తెచ్చుకున్నాను. మొగుడు రాకుండా నేనొక్కదాన్నే పోయి మేడ మీద పంతిలో కూర్చుంటే ఏమనుకుంటారు?"

"నువ్వు కూడా పోవద్దు అన్నాను గదా."

"ఎందుకు పోవద్దు? చెప్పడు. అడిగితే వేరేదానికి బదులు చెప్తాడు." పూల బుట్ట తీసుకుని ఆమె గుడికి బయలుదేరింది.

మామ కాసేపు వీధి వైపే చూశాడు. తర్వాత నన్ను అడిగాడు. "పోయిందా? గేటు పడిందా?"

గేటు పెద్ద చప్పుడుతోనే పడింది. మేం కూర్చున్న చోటికి పది అడుగుల దూరంలో. నేను తల ఊపాను. నాకు ఎప్పుడూ కుడి పక్క కుర్చీ ఎందుకో, ఫ్యాన్ ఎందుకు ఆపుతాడో అప్పుడు అర్థమైంది. అర్థమైనట్టు ఆయనకూ తెలిసింది.

"అదే," అన్నాడు. "కాయల్లో ఏమీ లేదు అమ్మిణీ. చెవిలో ఉండాది."

ఆయన జీవితమంతా చెవి మీదే నడిచింది. పంతొమ్మిదో ఏట చిన్నమనూరు నుంచి వచ్చి ఇక్కడొక ఫౌండ్రీలో చేరాడు. మోటారు పంపులకు పోతపోసిన ఇనుప పెంకులు చల్లారాక, ఒక్కొక్కటీ వేలాడదీసి చిన్న సుత్తితో తట్టి, లోపల పగులున్నవాటిని తీసి పక్కన వేయడం ఆయన పని. ముప్పై తొమ్మిదేళ్లు. చుట్టూ గ్రైండర్లు, కంప్రెసర్లు. చెవుల్లో దూది పెట్టుకోమని మేస్త్రీ అంటే, దూది పెట్టుకుని పగులును ఎట్ల వినేది అని నవ్వేవాడట.

రిటైరయ్యాక మేనల్లుడు అరవిందన్ పిలిచాడు. అరవిందన్ కట్టడాల ఇంజనీరు. పాత బడి భవనాలు, మండపాలు, మిల్లు షెడ్లు మూడేళ్లకొకసారి లైసెన్సు రెన్యూ చేసుకోవాలంటే, కట్టడం గట్టిగానే ఉందని ఇంజనీరు చూసి సంతకం పెట్టిన పత్రం కావాలి. సిమెంటు లోపల కమ్మి తుప్పు పట్టి ఉబ్బితే, పైపొర లోపల్లోపలే విడిపోతుంది. పైకి ఏమీ కనిపించదు. తట్టితే తెలుస్తుంది. మంచి చోట ఖంగుమంటుంది, విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది.

"నేను నిచ్చెనెక్కి తట్టుకుంటా పోతాను. డొల్లగా ఉన్నచోట చాక్‌పీసుతో సున్నా చుడతాను. అరవిందన్ వెనకాలే మిషన్ తెచ్చి సున్నా చుట్టిన చోటంతా పరీక్ష చేస్తాడు."

"సున్నా లేని చోట?"

"మిషన్ పెట్టడు. మామ చెవి ఉండాది గదా అంటాడు. పదేళ్లుగా అట్లే."

అప్పుడు లోపలికి వెళ్లి ఒక నోటుబుక్కు తెచ్చాడు. అట్ట చిరిగి, మూలలకు టేపు వేసి ఉంది. తెలుగు మాటలే, తమిళ అక్షరాల్లో. ఆయన చదువుకున్న లిపి అదొక్కటే. మూడేళ్ల కిందటి పుట తీసి వేలు పెట్టాడు. మన వాళ్ల కల్యాణ మండపం, మేడ మీది భోజనాల హాలు. ఆ నేలను మోసే బీములు పద్నాలుగు. ఆరో దానికి ఎదురుగా ఇలా ఉంది: 'వంటింటి వైపు సత్తం కొంచెం మందం. మిషన్ పెట్టినాం. ఇప్పటికి సరి. వచ్చేసారి చూడాల.'

తర్వాత కొత్త పుట తీశాడు. రెండు నెలల కిందటిది. ఒకటి నుంచి పద్నాలుగు దాకా, అన్నింటికీ ఒకటే గుర్తు. మంచిది.

"ఆ రోజు నిచ్చెన మీద నాకు ఎంత సంతోషమో తెలుసునా? ఆరోది కూడా మంచిగా మోగుతా ఉండాది అనుకున్నాను. కొత్తగా రంగు వేసి ఉండాది, పగుళ్లు కూడా యాడా లేవు. దిగొచ్చి అరవిందన్‌తో, అన్నీ బాగుండాయి అల్లుడా అన్నాను. అతను సంతకం పెట్టినాడు." ఆయన నోటుబుక్కు మూసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఆ తర్వాత మొదటి తేంగాయ చెడింది. రెండోది చెడింది. మూడోది నల్లగా ఉంటే అందరూ దేవుడి వైపు చూసినారు. నా మనసు మాత్రం ఆ నిచ్చెన మీదే ఉండాది. కాంక్రీటు దానంతట అది బాగవుతుందా అమ్మిణీ?"

అడిగి, నోటుబుక్కు అట్ట మీద వేలితో తట్టాడు.

"మనిషికి దెబ్బ తగిలితే మానుతుంది. చెట్టును నరికితే చిగురేస్తుంది. మూడేళ్ల కింద మందంగా మోగిన బీమ్ ఇప్పుడు ఖంగుమంటే, మారింది బీమ్ కాదు."

మొన్న గురువారం ఆయన ఒంటరిగా మండపానికి వెళ్లాడట. గొడుగు మరిచిపోయానని వాచ్‌మన్‌కు చెప్పి, నిచ్చెన వేసి ఆరో బీమ్ తట్టాడు. తర్వాత ఐదోది, ఏడోది, కిందికి దిగి గ్రానైటు రాయిని తట్టాడు. ఆ తర్వాత వంటవాళ్ల ఖాళీ చెక్కపెట్టెను.

"అన్నీ ఒకే మాదిరి వినిపించినాయి. చెక్కా రాయీ ఒకటే సత్తం. అక్కడే నిచ్చెన అడుగుమెట్టు మీద కూర్చుండిపోయినాను. బుధవారం ఆ మేడ మీద పంతికి మూడువందల మంది. వడ్డించేవాళ్లు వేరే."

"అరవిందన్‌కు చెప్పలేదా?"

"ఎట్ల చెప్పేది? ఒక్క మండపమా? ఈ ఏడాదిలో నేను తట్టినవి పదకొండు కట్టడాలు. ఒకటి చిన్నపిల్లల బడి. అన్నీ మళ్లీ చూడాల. అన్నిటి కిందా అతని సంతకం. మా మామకు చెవుడు, తెలియక సంతకం పెట్టినాను అని పోయి చెప్పుకోవాల. చెల్లెలి కొడుకు. నాకు పని లేదని పిలిచి పని ఇచ్చినవాడు. అది కూడా పూర్తి నిజం కాదులే. ఆరోది మళ్లీ చూడమని అతనితో చెప్దామా అని ఈ రెండు వారాలూ రోజూ పొద్దున అనుకుంటాను. రోజూ ఇంగొక్క రోజు పోనీ అంటాను. సుత్తి వదిలేస్తే నేనెవరు? ఈ ఇంటి వరండాలో కుర్చీ."

లోపలి గదిలో పట్టుచీర మడత మంచం మీద కనిపిస్తూనే ఉంది. ఆయన కూడా అటే చూశాడు.

"ఆమె దేనికోసం పస్తుంటా ఉండాదో ఆమెకు తెలియదు. చూస్తానే ఉండాను. ఇంటికి కీడు అంటే, ఔను అన్నాను. నా చెవి పోయింది అని చెప్పేదానికన్నా అది సులువుగా ఉండింది."

"ఫోన్ చేసివ్వనా మామా? ఇప్పుడే మాట్లాడండి."

"ఫోన్‌లో అతను చెప్పేది నాకు సగమే వస్తుంది. మిగతా సగానికి సరి సరి అంటాను. ఏడాదిగా అందరికీ సరి సరి అంటానే ఉండాను. నీకు కూడా." మొహంలో చిన్న నవ్వు వచ్చి పోయింది. "నువ్వు పోయిన వారం ఏదో అడిగినావు, నేను పెండ్లి పాటల గురించి చెప్పినాను. నువ్వు అడిగింది అదేనా?"

కాదు. నేను అడిగింది వాళ్ల అమ్మ గురించి. ఆయన వేరే మాట ఎత్తుకుంటే, తల్లి గురించి మాట్లాడడం ఇష్టం లేదేమో అనుకుని మళ్లీ అడగలేదు. ఆ సంగతి చెప్పాను, ఆయన కుడి చెవి దగ్గరికి వంగి.

"మా అమ్మ గురించా," అన్నాడు. "అది వచ్చే వారం చెప్తాను."

గోడకు వేలాడుతున్న గుడ్డసంచి దించాడు. అందులోంచి సుత్తి తీశాడు. అరచేతి పొడవుంటుంది, పిడి చెమటకు నల్లబడి నున్నగా ఉంది. దాన్ని తుండుగుడ్డలో చుట్టి, నోటుబుక్కుతో కలిపి మళ్లీ సంచిలో పెట్టాడు. పాత పుటలో బస్ టికెట్ ఒకటి గుర్తుగా పెట్టి, కొత్త పుటలో ఇంకొకటి పెట్టాడు. సంచి నా ఒడిలో పెట్టాడు.

"అరవిందన్ ఆఫీసు బస్టాండు పక్కనే. శనివారం ఒంటిగంటదాకా ఉంటాడు. ఇప్పుడు పోతే దొరుకుతాడు. రెండు పుటలూ పక్కపక్కన పెట్టి చూపించు, అతనికి వేరేగా చెప్పాల్సిన పని లేదు. మిషన్ తీసుకుని ఈరోజే మేడ కిందికి పొమ్మను. నా భయం ఉత్తదే అయితే అందరికన్నా నాకే సంతోషం. కానీ పరీక్ష అయ్యేదాకా పైకి ఒక్క మనిషి ఎక్కకూడదు. మండపం వాళ్లకు ఫోన్ చేసి మేడ మెట్లకు తాళం వేయించమను. వేసినారు అని వాళ్లు తిరిగి చెప్పేదాకా నువ్వు అక్కడే కూర్చో. కాఫీ ఇచ్చి పంపించేస్తాడు, లేవొద్దు."

"మీరూ రండి మామా."

ఆయన వినలేదో, విననట్టు ఉన్నాడో. "పొన్నమ్మకు నేను చెప్తాను, గుడినుంచి రానీ. ఈ ఉపవాసం ఇంక చాలు అంటాను," అన్నాడు. లేచి గేటు దాకా వచ్చి, గడియ తనే తీశాడు.

"సుత్తి అతనికాడే పెట్టి రా. అతను నన్ను ఏమైనా అంటే అది నాకు తేవద్దు. తాళం వేసినారా లేదా, అది మాత్రం వచ్చి చెప్పు. ఈ పక్క నిలబడి, గట్టిగా చెప్పు అమ్మిణీ."