అవ్వ తమ్ముడు, చెరువు చేప

ఇంటింటికీ ఫోను లేని కాలంలో కబురు నింపాదిగా నడిచి వచ్చేది. వచ్చినాక దాన్ని ఎవరూ తిరగేసి చూసేవాళ్లు కాదు. ఇంటికి చేరిందే నిజం. ఇప్పుడు మా ఇంట్లో పాలప్యాకెట్టు మీద తేదీ మొదలుకొని మేనకోడలి పెళ్లిరోజు దాకా ఏ తారీఖు కావాలన్నా నన్నే అడుగుతారు. ఇంత కచ్చితమైన మనిషి ఇరవయ్యేళ్లప్పుడు ఒకే ఒక్క తారీఖుతో సొంత అవ్వను మంచం పట్టించిందంటే ఎవరూ నమ్మరు.

ధర్మవరంలో మాది పట్టుచీరలు నేసే ఇల్లు. మా అవ్వకు ఒక్కడే తమ్ముడు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చోవడం నచ్చక, పెద్ద యుద్ధం రోజుల్లో యుద్ధనౌకలో బొగ్గు వేసే పనికి పోయాడు. ఈత రాదు. (రావాలంటే మా వైపు ముందు నీళ్లుండాలి కదా.) కొన్నాళ్లకు, ఎక్కడో దూరపు రేవులో నౌకాదళం ఆసుపత్రిలో చనిపోయాడని తంతి వచ్చింది. ఏ రోజు పోయాడో, ఏం చేశారో అందులో లేదు. పరామర్శకు వచ్చిన కదిరి వ్యాపారి ఒకాయన అవ్వను ఓదార్చబోయి, "ఓడోళ్లకు సమాధి యాడిదమ్మా? రాయి కట్టి సముద్రంలో ఏస్తారంట" అని, కాఫీ తాగి వెళ్లిపోయాడు. మా వాళ్లలో చనిపోయినవాళ్లను పూడ్చిపెడతాం. అయినవాళ్లు తలా మూడు పిడికెళ్ల మన్ను వేస్తారు. తమ్ముడి మీద పిడికెడు మన్నయినా పడలేదన్నదే అవ్వ దిగులు. ఆ దిగులుతోనే ఆరోజు నుంచి మా ఇంట్లోకి చేప రానివ్వలేదు.

తాతకు చేపల పులుసంటే ప్రాణం. చెరువు నిండిన ఏడాదల్లా వాదనకు దిగేవాడు. "ఇవి మన చెరువు చాపలే! సముద్రం యాడుండాదో వాటికి తెల్దు."

"నీళ్లు యాడైనా నీళ్లే. సముద్రం ఆవిరైతేనే కదా ఈడ వాన పడేది? ఏ చాప కడుపులో ఏముండాదో నీకు తెలుసునా?"

తాత మగ్గం గుంతలోకి దిగేవాడు. నూలు పనుందని నెలకోసారి కదిరికి పోయి, సోంపు నములుతూ వచ్చేవాడు. పట్టునేసే ఇంటికి అంత నూలెందుకని నాకు అప్పట్లో తట్టలేదు.

నేను టైపు పరీక్ష ప్యాసై, ఒక ఆఫీసులో కొత్తగా చేరిన రోజుల్లో అవ్వ నన్ను పక్కకు పిలిచింది. "పాపా, నీ మిషన్లో కొట్టి ఆ ఆసుపత్రోళ్లను అడుగు. వాణ్ణి మన్నులో పెట్టినారా, నీళ్లలో ఏసినారా? నేను పోయేలోపల తెలుసుకోవల్ల." నా పొంగు చూడాలి! ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు, పని అన్నీ రాశాను. చనిపోయిన రోజు ఒకరిని అడగాల్సిన పనేముంది? ఏటా ఆయనకు పెద్దల దినం చేస్తున్నాం. ఆ తిథిని పాత పంచాంగంలో వెతికి ఇంగ్లీషు తారీఖులోకి మార్చి, మళ్లీ సరిచూసి, ఒక్క అక్షరం తప్పు లేకుండా కొట్టి, తంతిలో ఉన్న ఆసుపత్రి పేరుకు పంపాను.

చాన్నాళ్లకు జవాబు వచ్చింది. మీరు రాసిన తేదీన గానీ, ఆ మరునాడు గానీ ఆ పేరుగల నావికుణ్ణి మా ఆసుపత్రి శ్మశానంలో పూడ్చలేదు, అని. నేను దాన్ని అంతే కచ్చితంగా తెలుగులో చదివి వినిపించాను. అవ్వ ఏడవలేదు. "అయితే నీళ్లలోనే" అని మంచమెక్కింది. గంజి కూడా ముట్టలేదు.

మర్నాడు తాత గుంతలోంచి లేచి వచ్చాడు. "ఏ దినం రాసినావు మే?"

"మనం పెద్దల దినం చేసే రోజే తాతా. పంచాంగం చూసే రాసినా."

"అది వాడు సచ్చిన దినం కాదు మే! తంతి వచ్చిన దినం! యాడో పోయినోళ్లకు మనం విన్న దినమే దినమని తలకు నీళ్లు పోసుకుంటిమి. ఇంత సదివినావు, ఆ మాత్రం తెల్దా?"

తెలుసు. ఏటా తెలుసు. టైపు మిషను ముందు నిటారుగా కూర్చునేసరికి తెలియకుండా పోయింది. (టైపు పరీక్షలో దీనికి మార్కుల్లేవు.) ఆ రోజే, అంతకు ముందు నెలలన్నీ వెతకండని మళ్లీ రాశాను. అవ్వ గంజి తాగింది గానీ, పోస్టుమాన్ వచ్చే వేళకు రోజూ గడపలోనే కూర్చునేది.

రెండో జవాబు గడపలోనే విప్పాను. ఆయన ఉన్నాడు. తంతికి నెలన్నర ముందు తారీఖు, సమాధి ఏ వరసలో ఉందో, దాని నంబరు, అన్నీ ఉన్నాయి.

"మన్నేనా?" అంది అవ్వ.

"మన్నే అవ్వా. నంబరు కూడా ఇచ్చినారు."

అవ్వ ఉత్తరం చేతిలోకి తీసుకుని, "ఎవురైనా మూడు పిడికెళ్లు ఏసింటారంటావా?" అంది. అది ఉత్తరంలో లేదు. నేను నోరు తెరిచేలోపు తాత అందుకున్నాడు. "ఏయకుంటే గుంత ఎట్ల పూడుతాదే, పిచ్చిదానా?"

అవ్వ ఒక్కసారి నవ్వింది. నవ్వుతూనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తియ్యలేదు. తీశాక అంది: "చాపలు తెచ్చుకో పో."

ఆ ఏడాది మా చెరువులో బురద కూడా ఎండిపోయింది. తాత కదిరి బస్సెక్కి, చీకటి పడకముందే సంచితో దిగాడు. అవ్వ సంచీలోకి, తర్వాత తాత మొహంలోకి చూసింది. "ఇరవై ఏండ్లు దాటె నువ్వు చాప కొని. అంగడి అంత సూటిగా ఎట్ల దొరికెనప్పా నీకు?" తాత చేతులు కూడా కడుక్కోకుండా మగ్గం గుంతలోకి దిగిపోయాడు.

అందరం తిన్నాక, ఇకనుంచి అసలు తారీఖున దినం చేద్దామని నేను పంచాంగం తెచ్చాను. అవ్వ దాన్ని మూసేసింది. "వాడు పోయింది ఆ దినం. నాకు పోయింది తంతి వచ్చిన దినం. రెండూ ఉండనీ పాపా."

ఇప్పుడు నాకు అప్పటి అవ్వ కంటే ఎక్కువ వయసు. మా గోడ కేలండర్లో ఏటా ఆయనకు రెండు సున్నాలు చుడతాను. మొన్న మనవరాలు చూసి, "ఒక్కాయనకే రెండా? ఇందులో ఏది తప్పు అవ్వా?" అంది. రెండూ సరే అన్నాను. టైపు మిషను ముందు నిటారుగా కూర్చున్న ఆ ఇరవయ్యేళ్ల పిల్ల వింటే మాత్రం అస్సలు ఒప్పుకునేది కాదు.