లింబాయత్ గట్టు మీద మొరాయించిన వ్యాను

వరద సాయానికి బయల్దేరిన మా ఆర్మీ ట్రక్కులు సూరత్‌లోని ఉధ్నా చేరేసరికి తెల్లవారింది. సన్నగా వాన. ఒక బడిలో మకాం. బెంచీలు గోడకు నెట్టి, తడి బూట్లు కిటికీలకు వేలాడదీశాం. మా జట్టు పెద్ద నాయక్ సాబ్ పని చెప్పాడు. ఊరి మధ్య పారే ఖాడీ వాగు పొంగి లింబాయత్ గల్లీలు మునిగాయి. పడవల వాళ్లు మనుషుల్ని గట్టుకు తెస్తారు. అక్కడి నుంచి బడికి చేర్చడం ట్రక్కుల పని. నేను ట్రక్కు డ్రైవర్‌ని.

మాది జగిత్యాల దిక్కు. మొదటి ట్రిప్పులోనే ఒక ముసలామె "జర చెయ్యి పట్టు బిడ్డా" అంది. మరమగ్గాల పనికి మావాళ్లు ఇంతమంది ఇక్కడ ఉన్నారని అప్పుడే తెలిసింది. మాట సాయానికని నాయక్ సాబ్ నన్ను గట్టు దగ్గరే ఉంచాడు.

మర్నాడు మధ్యాహ్నం పడవలో లావణ్య అనే నిండు గర్భిణి వచ్చింది. నొప్పులు మొదలయ్యాయి. వెంట అత్త, భర్త రాజేశం. మా రేడియో ఆపరేటర్ అంబులెన్స్‌ను పిలిచాడు. అవతలి నుంచి జవాబు వచ్చింది.

"వంతెన కింది దారి మునిగింది. అవతలే ఆగిపోయాం. ఓవర్."

"ఎంతసేపు? ఓవర్."

"చెప్పలేం."

డిండోలి వైపు దారి తెరిచే ఉంది. అక్కడ కాన్పుల ఆసుపత్రి ఉంది. కానీ ట్రక్కు ఎత్తు, కుదుపులు చూసి అత్త భయపడింది. గట్టు మీద నర్సయ్య వ్యాను ఉంది. బడిపిల్లల్ని తిప్పే మనిషి, మా దిక్కువాడే. "ఎక్కుండ్రి" అని తాళం తిప్పాడు. టిక్కుమంది, అంతే. మళ్లీ తిప్పితే దీపాలు మసకబారి ఆరిపోయాయి.

"నిన్నటిదాక మంచిగనే ఉండె సాబ్. ఏందిది?"

"ఈ వ్యానుల ఫోన్లు చార్జింగ్ పెట్టిండ్రా?" అని అడిగాను.

"కరెంటు లేకపాయె. గల్లీ అందరియి పెట్టినం."

"ఇంజన్ నడిపిండ్రా?"

"పెట్రోల్ అయితదని నడపలే."

ట్రక్కు నుంచి కరెంటివ్వమన్నాడు నాయక్ సాబ్. ట్రక్కుది ఇరవై నాలుగు వోల్టులు, వ్యానుది పన్నెండు. నేరుగా కలిపితే వ్యాను వైరింగ్ కాలిపోతుంది. ట్రక్కులో పన్నెండు వోల్టుల బ్యాటరీలు రెండు జోడించి ఉంటాయి. ఇంజన్ ఆపి, మైనస్ వైరు ట్రక్కు ఇనుప చట్రానికి కలిసిన బ్యాటరీ ఒక్కదానికే కేబుళ్లు తగిలించాను. నర్సయ్య తాళం తిప్పాడు. మళ్లీ టిక్కే.

లావణ్య కొంగు పళ్ల మధ్య బిగబట్టి నా చేతులనే చూస్తోంది.

వ్యాను బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది. క్లిప్పులు ఊడదీశాను. గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా గీకి, గట్టిగా బిగించాను. కేబుళ్లు పెట్టి కాసేపు ఆగాం. ఈసారి ఇంజన్ దగ్గి, అందుకుంది.

"ఆసుపత్రి దాక బంద్ చెయ్యకు" అన్నాను.

సాయంత్రం నర్సయ్య తిరిగొచ్చాడు. "ఆడపిల్ల సాబ్! తల్లీబిడ్డ మంచిగున్నరు." నవ్వాడు, వెంటనే ముఖం దించాడు. "మళ్ల గిట్ల ఆగితే ఎట్ల?"

అతనికి చెప్పిందే ఇప్పుడు మా ఊళ్లో కారున్న అందరికీ చెబుతాను. ఇంజన్ ఆపి లైటు, పాటలు, చార్జింగ్ నడపొద్దు. బండి వాడకపోయినా వారానికోసారి అరగంట తిప్పాలి. టెర్మినళ్లు శుభ్రంగా, బిగువుగా ఉండాలి. తాళం తిప్పినప్పుడు ఇంజన్ బద్ధకంగా లేస్తుంటే, అప్పుడే బ్యాటరీని పరీక్ష చేయించాలి. చాలాసార్లు అది ముందే చెబుతుంది, మనమే వినం.

నీళ్లు తగ్గాక మా దళం తిరుగు ప్రయాణమైంది. ఆ తర్వాత చాలా చోట్ల పనిచేశాను. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటున్నాను. ఆ డ్యూటీలో చూసినవి చాలావరకు కలగలిసిపోయాయి. ఒక్కటి మాత్రం పోదు. వ్యాను కదిలినప్పుడు రాజేశం ఎక్కలేదు. అతని తండ్రి ఇంకా మునిగిన ఇంటి మేడ మీదే ఉన్నాడు, తీసుకురావడానికి పడవ రాజేశం కోసం ఎదురుచూస్తోంది. గట్టు అంచున మోకాళ్ల లోతు నీళ్లలో వట్టికాళ్లతో నిలబడి, లావణ్య వదిలి వెళ్లిన చెప్పుల జతను తడవకుండా రెండు చేతులతో గుండెలకు ఆనించుకుని, వ్యాను మలుపు తిరిగేదాకా చూస్తూ ఉండిపోయాడు.