ఒక సైజు తక్కువ టైర్లు

మా ఆయన కృష్ణపట్నం పోర్టులో పని చేస్తాడు, వారానికొకసారి ఇంటికొస్తాడు. అక్కడ ఒక కాంట్రాక్టరు తన పికప్ అమ్ముతుంటే, నా చేపల వ్యాపారానికి పనికొస్తుందని కొన్నాడు. ఆ కాంట్రాక్టరు సరదా కొద్దీ స్ప్రింగులు మార్పించి బండిని బాగా ఎత్తు చేయించుకున్నాడు. టైర్లు మాత్రం మామూలు రోడ్డువే, అవీ అరిగిపోయినవి. పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టుకున్న బక్కమనిషిలా ఉండేది ఆ బండి. బిట్రగుంట రైల్వే కాలనీ వెనక ఖాళీ జాగాలో, మా ఆయన వచ్చిన ప్రతి ఆదివారం దాని మీదే నాకు డ్రైవింగు నేర్పించాడు.

మాది బోగోలు దగ్గర సముద్రపు ఒడ్డు. పడవల దగ్గర చేపలు కొని, ఐసు పెట్టెల్లో కావలి మార్కెట్టుకు చేర్చడం నా పని. ఆటో ఆగే చోటు నుంచి నీటి అంచు దాకా అర కిలోమీటరు ఇసుకే. అమ్ముకోవడానికి చేపలు తీసుకెళ్ళే ఆడవాళ్ళంతా ఆ దూరం తట్టలు తలమీద పెట్టుకుని నడవాల్సిందే. వాళ్ళలో ఒక పెద్దామె ఉంది. అందరం పెద్దమ్మ అంటాం. నేను ఈ పనిలోకి కొత్తగా వచ్చినప్పుడు మొప్పలు ఎత్తి చూపించి, ఏది తాజా చేపో ఏది కాదో నేర్పింది ఆమే. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో నాలుగడుగులకొకసారి ఆగుతోంది. బండి నీళ్ళ దాకా వెళ్తే ఆమెకు ఆ నడక తప్పుతుందని నా ఆశ.

బండిని ఇసుకలోకి దించిన మొదటి రోజే, యాభై గజాలు పోకముందే చక్రాలు దిగబడ్డాయి. కంగారులో యాక్సిలరేటర్ తొక్కాను. ఇరుసు దాకా కూరుకుపోయింది. పడవవాళ్ళు మోకు కట్టి లాగారు.

"చూస్తే ఏనుగంత ఉండాది. ఈ మాత్రం ఇసకలో పోలేకపోయిందే అక్కా!" అన్నాడొకడు. నాతో సహా అందరం నవ్వాం. ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది.

మర్నాడు కావలిలో టైర్ల షాపుకు వెళ్ళాను. యజమాని అరవై దాటిన ముస్లిం పెద్దాయన. అందరిలాగే నేనూ భాయ్ అనే పిలిచాను. ఫోనులో వీడియోలు చూసి నేను అప్పటికే నిర్ణయించుకున్నాను. లోతైన గట్లున్న పెద్ద పెద్ద టైర్లు కావాలన్నాను.

"బురదలో పోవాల్నా, ఇసకలోనా?" అని అడిగాడు.

"ఇసకలో."

"ఆ గట్ల టైరు బురదకమ్మా. ఇసకలో తవ్వుకుంటా కిందికే పోతాది. నీకు ఇసక మీద పరుచుకునే రకం కావాల. సైజు కూడా ఇప్పుడుండే దానికంటే ఒక్కటి పెంచితే చాలు. నువ్వడిగింది అంతకంటే ఇంకో సైజు పెద్దది, తిప్పినప్పుడు మడ్‌గార్డుకు తగుల్తాది."

"బండి అంత ఎత్తుంటే ఎట్టా తగుల్తాది భాయ్?"

ఆయన వాదించలేదు. నేనడిగిన టైరు ఒకటి తెప్పించి ముందు చక్రానికి ఎక్కించి, నన్ను సీట్లో కూర్చోబెట్టాడు. "స్టీరింగు పూర్తిగా తిప్పు" అన్నాడు. తిప్పాను. మడ్‌గార్డు లోపల గరగరమని రాసుకుంది.

"బండిని పైకి లేపినారు గానీ, చక్రం పక్కకి తిరిగే చోటు పెరగలేదు గదా" అన్నాడు.

"పక్క షాపులో మడ్‌గార్డు మూల కోసి బిగిస్తామన్నారే?"

"కోస్తే రాపిడి పోతాది. బ్రేకు సంగతి? నువ్వు ఐసు పెట్టెలు ఏసుకోని హైవే ఎక్కాల. అంత బరువు చక్రాలు పెడితే బండి ఆగేదానికి ఎక్కువ దూరం తీసుకుంటాది."

నాకు కోపమొచ్చింది. "ఆడదాన్నని ఇట్టా చెప్తా ఉండావా?" అనేశాను.

ఆయన స్టీరింగు వైపు చూపించాడు. "నువ్వే తిప్పినావు, నువ్వే విన్నావు. ఇందులో నేను చెప్పింది యాడుండాది?"

ఆయన చెప్పినవే వేయించుకున్నాను. స్టెప్నీ కూడా అదే సైజుది మార్చాడు. అంతా అయ్యాక, "ఇసకలోకి దిగేటప్పుడు గాలి ఎంత తగ్గిస్తావు?" అని అడిగాడు. గాలి తగ్గించాలన్న సంగతే నాకు తెలియదు. అదే చెప్తే, "శుక్రవారం నమాజు అయినాక వస్తాలే. మా ఇంట్లో ఆమె సముద్రం చూసి చానాళ్ళయింది" అన్నాడు.

అన్నట్టే భార్యను తీసుకుని వచ్చాడు. రోడ్డు చివర మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో టైరులో ఇంచుమించు సగం గాలి తీశాడు. నా చేత కూడా గేజి పెట్టించి చూపించాడు. టైర్లు కింద వెడల్పుగా పరుచుకున్నాయి. "ఉరకొద్దు, మధ్యలో ఆపొద్దు, స్టీరింగు ఒక్కసారిగా తిప్పొద్దు" అని చెప్పి పక్కన కూర్చున్నాడు. ఆయన భార్య ఇసుకలో నడుచుకుంటూ ముందే నీళ్ళ వైపు వెళ్ళింది.

మొన్న దిగబడిన చోటు దగ్గర యాక్సిలరేటర్ గట్టిగా తొక్కబోయి తమాయించుకున్నాను. బండి దాన్ని దాటింది. ఆగకుండా పడవల దాకా వెళ్ళింది. వెనక్కి చూస్తే, చక్రాల జాడ ఇసుకలో వేలెడు లోతు కూడా లేదు.

పడవల దగ్గర పెద్దమ్మ చేపల తట్ట తలకెత్తుకోబోతోంది. భాయ్ దిగిపోయి, తన సీట్లో ఆమెను కూర్చోమన్నాడు. ఎక్కింది గానీ తట్ట వదల్లేదు, ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది.

"వెనకాల పెట్టేయొచ్చు గదా పెద్దమ్మా!"

"ఉండనీ బిడ్డా. చేతుల్లో ఏమీ లేకుండా కూర్చునేది నాకు తెలియడంలా."

బండిని తిప్పి మళ్ళీ రోడ్డు దాకా తెచ్చాను. భాయ్, ఆయన భార్య మా వెనకే నడిచి వచ్చారు. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని, అలల దగ్గర ఆగి ఆగి వచ్చింది. ఆరోజు నేను అడిగిందే అంటగట్టి పంపేసి ఉంటే, ఆయనను తప్పు పట్టేవాళ్ళు ఎవరూ లేరు. అనకూడని మాట అన్నదానికి క్షమించమని అడగాలని వాళ్ళు వచ్చేదాకా మాటలు కూర్చుకుంటూ నిలబడ్డాను. నేను నోరు తెరిచేలోపే ఆయన చిన్న పంపు బయటికి తీసి, టైర్లలోకి గాలి తిరిగి ఎట్లా నింపాలో చూపించడం మొదలుపెట్టాడు.

పెద్దమ్మ తట్టలో వెతికి పెద్ద చందువ చేపను తీసింది. భాయ్ వద్దంటూ చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీకు కాదులేవయ్యా" అని ఆ చెయ్యి పక్కకు నెట్టి, ఆయన భార్య సంచిలో వేసింది.