బందరులో ఒక చలికాలం

మా జనగామ వీధిలో ఉండే రిటైర్డు టీచరమ్మ, ఇక్కడి చలికి తట్టుకోలేక ఈ డిసెంబరులో భర్తతో కలిసి శ్రీలంక వెళ్తున్నానని నిన్న చెప్పింది. నేనూ చిన్నప్పుడు ఒక చలికాలం పరదేశంలో గడిపానంటే ఆమె నవ్వింది. నా వయసువాళ్లయితే నవ్వరు. నిజాం రాజ్యం దాటితే అవతల భారత యూనియన్. ఆ రోజుల్లో మాకు బందరు పరదేశమే.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా ఇల్లు పెద్దవంగరలో. బాపు నిజాం మీద పోరాడే సంఘంలో చేరి గంగారం అడవుల్లోకి వెళ్లిపోయాక, పోలీసులు రెండుసార్లు వచ్చి ఇల్లంతా చిందరవందర చేసిపోయారు. మూడోసారి వచ్చేలోగా ఊరు విడవాలని అమ్మ నిశ్చయించుకుంది. పైకి చెప్పిన కారణం నాయనమ్మ ఉబ్బసం. అదీ అబద్ధం కాదు; ముసలమ్మను చలి లేనిచోట ఉంచమని మానుకోట దవాఖానలో డాక్టరు చీటీ రాసిచ్చాడు. బందరులో మా మేనత్త కాపురం ఉండేది.

సరిహద్దు దగ్గర రైలు ఆగినప్పుడు తుపాకులతో ఎక్కిన పోలీసుల్లో ఒకడు ఆ చీటీ చూసి, అమ్మను వదిలేసి నావైపు వంగాడు.

"మీ నాయిన ఏడున్నడు?"

"బొంబాయిల. మిల్లుల పనిజేస్తుండు," అన్నాను, అమ్మ నేర్పినట్టే, తడబడకుండా.

అతను నా తల నిమిరి దిగిపోయాడు. రైలు కదిలాక అమ్మ మెచ్చుకుంటుందనుకున్నాను. కిటికీవైపు తిరిగి ఏడ్చింది.

బందరులో నిజంగానే చలి లేదు. నా మాటతీరుకు మేనత్త పిల్లలు నవ్వుతుంటే కొన్నాళ్లు మాట్లాడటమే మానేశాను. నెల తిరక్కుండా నాయనమ్మ దగ్గు తగ్గింది. అందరూ సంతోషించారు, ఆమె తప్ప. మేనత్త దుప్పటి తెస్తే, "కొడుకు అడివిల వణుక్కుంట పంటుంటే నాకు దుప్పటెందుకే?" అని కసిరి వట్టి చాపమీద పడుకునేది.

ఒక్క చలికాలానికని వెళ్లినవాళ్లం, నిజాం పాలన పోయాకగాని తిరిగి రాలేదు. బాపు ఇంకో మూడేళ్లకు, పోరాటం ఆగాక, చిక్కి సగమై ఇల్లు చేరాడు. అప్పటికి నాయనమ్మ లేదు. మరుసటి చలికాలం బందరు పోదామని నేనంటే, "చలి అలవాటైంది బిడ్డా," అన్నాడు.

ఇప్పుడు మనుషులు ఏ జబ్బూ, ఏ భయమూ చూపించనక్కర్లేకుండా, చలి పడదన్న ఒక్క మాటతో దేశాలు దాటి వెళ్తున్నారు. మంచిదే. ఇంటిల్లిపాదీ ఒకేచోట వెచ్చగా ఉన్న చలికాలం ఒక్కటి దక్కి ఉంటే, ప్రయాణమంటే నాకూ సరదాగానే ఉండేదేమో.