అంగుళం మాస్టారి భుజం

నన్ను అందరూ అంగుళం మాస్టారు అంటారు. ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. కొలతలో అంగుళం అటూ ఇటూ పోనివ్వనని ఆ పేరు పెట్టారని నా నమ్మకం. ఎవరెంత చెప్పినా అంగుళం కదలను కాబట్టి వచ్చిందని మా ఆవిడ నమ్మకం. ఎవరిది నిజమో మీరే తేల్చండి.

నా కుడిభుజం కొన్నాళ్లుగా బిగుసుకుంటూ వచ్చి, చివరికి చెయ్యి ఛాతీ ఎత్తు దాటి లేవనంది. మిషను తొక్కడానికీ కత్తెర ఆడించడానికీ అడ్డం లేదు. కొలతలు తియ్యాలంటేనే చిక్కు. టేపు ఎదుటి మనిషి మెడ వెనక నుంచి తిప్పాలి కదా. పొడుగాటి మనిషి వస్తే ఆయన చొక్కా జేబుతో మాట్లాడుతున్నట్టు నిలబడిపోయేవాణ్ణి.

బళ్లు తెరవడానికి మూడు నెలలుంది. యూనిఫారాల కొలతలు ఎవరు తీస్తే కటింగు బల్ల వాళ్లదే, అది మా కొట్టు ఆనవాయితీ. అప్పటికి నా చెయ్యి లేవకపోతే టేపు మా బావమరిది మెడలోకి పోతుంది. ఇరవై ఏళ్లుగా వాణ్ణి కాజాలూ బొత్తాలూ దాటి రానివ్వలేదు. వాడికి పని రాదని కాదు, వస్తుందేమోనని నా భయం.

డాక్టరు ఫిజియోథెరపీ రాశారు. అదేదో కరెంటు పెట్టి మర్దన చేస్తారట, మనం పడుకుంటే చాలట అని ఎవరో చెబితే హాయిగా బయల్దేరాను. కొత్త చోటికి వెళ్తున్నాను కదా అని, నేను కుట్టుకున్న చొక్కాల్లో ఒంటికి అతుక్కుపోయే, తలమీంచి తొడిగేదాన్ని ఏరి మరీ మా ఆవిడ చేత తొడిగించుకున్నాను.

థెరపీ చేసే డాక్టరమ్మకి మా పెద్దమ్మాయి వయసుంటుంది. "ఎక్స్‌రే తెచ్చారా మాస్టారూ?" అంది.

తెచ్చాను. కాకపోతే నెల కిందటే దాన్ని కాలరు నమూనాగా కత్తిరించుకున్నాను. ఎక్స్‌రే ఫిల్ము కాలరుకి బాగా పనికొస్తుంది, వంగుతుందే గానీ చిరగదు. ఆవిడ ఆ కాలరుని వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇందులో భుజం ఎక్కడుందండీ?"

"అది చెత్తబుట్టలోకి పోయిందమ్మా."

చొక్కా విప్పమంది. విప్పితే కదా. చెయ్యి ఎత్తలేను, అది ఒంటిని వదలదు. నేనే చిన్న కత్తెర అడిగి పక్క కుట్టు విప్పించుకున్నాను. పది నిమిషాలు పట్టింది. నా కుట్టుకి గర్వపడాలో, నా బుద్ధికి సిగ్గుపడాలో తెలియలేదు.

"ఈసారి ముందు బొత్తాలున్న వదులు చొక్కాతో రండి. వేసుకునే మాత్రల పేర్లు రాసి తీసుకురండి," అంది. ఆ తర్వాత అడిగింది: "ఈ చెయ్యి బాగయ్యాక ముందుగా ఏం చెయ్యాలని ఉంది?"

"అన్నీ చెయ్యాలి."

"ఒక్కటి చెప్పండి."

"పొడుగాటి మనిషి మెడ చుట్టూ టేపు తిప్పాలి," అన్నాను. ఆవిడ ఆ మాటే రాసుకుంది.

"వారానికి రెండుసార్లు నేను చేయించేది చూపించడానికే. ఇంట్లో మీరు రోజూ మూడుసార్లు చేసేదే అసలు మందు. కాస్త నొప్పి ఉంటుంది. ఆపగానే తగ్గిపోతే పర్వాలేదు. పొడిచినట్టున్నా, మర్నాటికీ తగ్గకపోయినా నాతో చెప్పండి. నా దగ్గర మొహమాటపడి బాగుందని మాత్రం అనకండి."

అన్నిటికీ తల ఊపాను. మెడకి ఏ జబ్బూ లేదు కదా.

ఇక్కడ మా కొట్టుకి వచ్చే లెక్చరరు గారి గురించి చెప్పాలి. ఏటా ప్యాంటు కొలత ఇచ్చేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు. టేపు ముప్పై ఆరు చూపిస్తుంది. నేను పుస్తకంలో ముప్పై ఆరే రాసి, గుడ్డ ముప్పై తొమ్మిదికి కత్తిరిస్తాను. ఆయన వెళ్లాక నేనూ మా ఆవిడా కడుపుబ్బ నవ్వుకుంటాం.

రెండు వారాలయ్యాక డాక్టరమ్మ నెల రోజులు సెలవు పెట్టింది. వెళ్తూ నాకొక కాగితం ఇచ్చింది. ప్రతి ఆదివారం గోడకి ఎదురుగా, మడమలు నేలకి ఆనించి నిలబడాలి. వేళ్లతో గోడమీద పైకి పాకాలి. ఎక్కడాగితే అక్కడ సుద్దతో గీత గీసి, నేల నుంచి ఎన్ని అంగుళాలో రాయాలి.

కొట్లో కటింగు బల్ల వెనక గోడని అందుకు ఎంచుకున్నాను. మొదటి వారం నిజమే రాశాను, యాభై ఎనిమిది. మూడు రోజులు వ్యాయామం చేసి, నొప్పెడుతోందని మానేశాను. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం దుడ్డులా ఉండాలి అన్నట్టుంది నా వరస. రెండో వారం మడమలు కాస్త లేచాయి, అరవై. మూడో వారం మునివేళ్ల మీద నిలబడ్డాను. నాలుగో వారం గోడ దగ్గరికే పోలేదు. కుర్చీలో కూర్చుని అరవై ఆరున్నర అని రాశాను. ఆ అర వేసినందుకు నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను.

డాక్టరమ్మ తిరిగొచ్చి కాగితం చూసి సంబరపడింది. "ఇంత బాగా వస్తే బరువులు మొదలుపెట్టొచ్చు. ఒక్కసారి గోడకి వీపు ఆనించి చెయ్యెత్తండి."

వీపు గోడకి ఆనాక వంగడానికీ లేదు, ఒరగడానికీ లేదు. చెయ్యి భుజం ఎత్తుకి వచ్చి ఆగిపోయింది.

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. "మీరిచ్చిన కొలతని బట్టే నేను కత్తిరించాలి మాస్టారూ. ఇది నమ్మి బరువు ఇచ్చుంటే మీ భుజాన్ని నేనే పాడుచేసేదాన్ని," అంది.

"ఇప్పుడు ఎన్నాళ్లు పడుతుందమ్మా?"

"రోజూ నిజంగా చేస్తే నాలుగు నెలలు."

బళ్లు తెరవడానికి ఆరు వారాలే ఉంది. కొట్టుకి వచ్చి నా మెడలో టేపు తీసి బావమరిదికి ఇచ్చాను. ఎందుకిస్తున్నానో కూడా చెప్పాను, అరవై ఆరున్నరతో సహా. మా ఆవిడ నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "ఇది మీ దగ్గరే ఉండనీండి బావా, నేను వేరేది కొనుక్కుంటాను," అన్నాడు వాడు. భుజం నొప్పి కన్నా అది ఎక్కువ నొప్పెట్టింది.

సీజను వచ్చింది. వాడు కొలతలు చెబుతుంటే నేను పుస్తకం పట్టుకుని రాశాను. తప్పు దొరుకుతుందేమోనని వారం రోజులు కాచుకుని కూర్చున్నాను. ఒక్కటీ దొరకలేదు. ఇరవై ఏళ్లు వాణ్ణి బొత్తాల దగ్గర కూర్చోబెట్టినందుకు సిగ్గేసింది.

ఆ వారంలోనే లెక్చరరు గారు వచ్చారు. వచ్చీ రాగానే ఊపిరి బిగబట్టారు. బావమరిది టేపు చుట్టి, "ముప్పై ఆరు," అని నా వైపు చూశాడు.

నాకు నవ్వు రాలేదు. "ఊపిరి వదిలెయ్యండి సార్," అన్నాను. "ఇక్కడ నవ్వేవాళ్లెవరూ లేరు. నేనూ ఒక నెలంతా ఇదే పని చేసొచ్చాను."

ఆయన నన్ను చూశారు, నా భుజాన్ని చూశారు, మెల్లగా ఊపిరి వదిలారు.

"ముప్పై తొమ్మిదిన్నర," అన్నాడు బావమరిది. అలాగే రాశాను.

ఆయన వెళ్లాక కటింగు బల్ల వెనక గోడ దగ్గరికి వెళ్లాను. ఆ రోజు ఆదివారం. వేళ్లతో పాకుతూ పాకుతూ పాత గీతల దాకా వెళ్తున్నాను.

"బావా, మడమలు," అన్నాడు వాడు వెనక నుంచి.

దించాను. వేళ్లు నాలుగు అంగుళాలు కిందికి జారాయి. అక్కడే గీత గీశాను. టేపు పట్టి కొలవమని వాడికే చెప్పాను.